ముసురు పడితేనే లేచే చేప

ఆదివారం

సెయింట్ లూయిస్ పరిసరాల్లో మిస్సోరి నదిని దాటినవాళ్లకు అది బురదనీళ్ల నదిగానే గుర్తుంటుంది. అదే నదిని మోంటానాలో, పుట్టినచోటికి దగ్గర్లో చూస్తే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. నడుములోతు నీళ్లలో నిలబడి కిందికి చూస్తే కాళ్ల దగ్గర గులకరాళ్ల రంగులు కూడా తెలుస్తాయి. జెఫర్సన్, మాడిసన్, గాలటిన్ నదులు త్రీ ఫోర్క్స్ దగ్గర కలిసి మిస్సోరి అవుతాయి. అక్కడినుంచి 3,700 కిలోమీటర్లకు పైగా నడిచి అది మిసిసిపీలో పడుతుంది. అంత నదిలో మేం చూడ్డానికి వచ్చింది ఓ చిన్న ముక్క. హోల్టర్ డ్యామ్ దిగువ నుంచి కాస్కేడ్ ఊరిదాకా, ఇంచుమించు 55 కిలోమీటర్లు.

మేం అంటే నేనూ, మా బావమరిదీ. నాది ఫ్లై ఫిషింగ్, అంటే కొక్కేనికి ఈకలు, దారాలు కట్టి పురుగులా చేసిన 'ఫ్లై'ని విసిరి ట్రౌట్ చేపల్ని పట్టడం. వాడికి గాలం గొడవ పట్టదు. కెమెరా, మోయలేనంత లెన్సు, పిట్టలు, అదీ వాడి లోకం. అక్టోబరు రెండో వారం అనగానే "ఆకుల రంగులు బావుంటాయి బావా, నేనూ వస్తా" అన్నాడు.

హెలెనా నుంచి ఇంటర్‌స్టేట్ 15 మీద ఉత్తరానికి పోతే రోడ్డు వుల్ఫ్ క్రీక్ లోయలోకి దిగుతుంది. లోయ దాటగానే నది. క్రెయిగ్ ఊరు అనడానికి కాసిని ఇళ్లు, ఒక వంతెన, ఫ్లై షాపులు, ట్రెయిలర్ల మీద వరసగా పడవలు. కాటన్‌వుడ్ చెట్లు పూర్తిగా పసుపెక్కి ఉన్నాయి. మావాడు కారు ఆగీ ఆగకముందే దిగిపోయాడు.

నేను నేరుగా షాపులో బోర్డు దగ్గరికి పోయాను. డ్యామ్ నుంచి వదులుతున్న నీరు సెకనుకు సుమారు 4,000 ఘనపుటడుగులు. నీటి ఉష్ణోగ్రత 55 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 13 సెల్సియస్ దరిదాపు. ఈ రెండంకెలూ చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. క్రెయిగ్‌కు ఎగువన వరసగా మూడు డ్యాములున్నాయి. 1954లో కట్టిన కాన్యన్ ఫెర్రీ, దాని కింద హౌజర్, ఆ కింద 1918లో పూర్తయిన హోల్టర్. హౌజర్ దగ్గర మొదట ఉక్కుతో కట్టిన డ్యామ్ 1908లో తెగిపోయి నది పొడుగునా వరద తెచ్చింది. ఇప్పుడున్న కాంక్రీటుది 1911 నాటిది. ఇన్ని జలాశయాలు వేసవి వేడిని దాచుకుని మెల్లగా వదులుతాయి కాబట్టి, చుట్టుపక్కల కొండవాగులు రాత్రి చలికి బిగుసుకుపోయే రోజుల్లో కూడా ఈ నది వెచ్చగా, నిలకడగా ఉంటుంది. అందుకే ఇక్కడ నీళ్లలో పెరిగే పురుగు నవంబరు దాకా రెక్కలు కట్టుకుని పైకి లేస్తుంది. పురుగు లేస్తే చేప లేస్తుంది. చేప లేస్తే మనిషి విమానం ఎక్కి వస్తాడు.

వాతావరణం సంగతి అడిగితే షాపు కుర్రాడు మొహం అదోలా పెట్టాడు. సోమ, మంగళవారాలు చక్కటి ఎండ అట. మంగళవారం రాత్రి నుంచి మబ్బు, ముసురు, ఆపైన చలి. మా బావమరిది మొదటి సగం విని సంతోషించాడు. నేను రెండో సగం విని సంతోషించాను.

సోమవారం

గాలి లేదు, మబ్బు లేదు. కాలెండరు బొమ్మకు సరిపోయే ఉదయం. ట్రౌట్ పట్టేవాడికి అంతకన్నా పనికిమాలిన పొద్దు లేదు.

అయినా తొమ్మిదిన్నరకే దిగాం, ట్రైకోల కోసం. ట్రైకో అంటే ట్రైకోరిథోడీస్ అనే మేఫ్లై, నీళ్లలో పెరిగి రెక్కలొచ్చాక బయటికి వచ్చే పురుగు. నల్లటి ఒళ్లు, తెల్లటి రెక్కలు, మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్రాణి. జులై నుంచి సెప్టెంబరు దాకా దీని రాజ్యం. పొద్దున గాలి కాస్త వేడెక్కగానే పొగలాగా పైకి లేచి, జతకట్టి, గుడ్లు పెట్టి, రెక్కలు చాచి నీటిమీద రాలిపోతాయి. గట్టి మంచు పడ్డాక వీటి కథ ముగుస్తుంది. మాకు దొరికింది మిగిలిపోయిన చివరి గుంపు. ఒడ్డువార ఓ రెండు చేపలు బద్ధకంగా ముక్కులు బయటపెట్టాయి. పదింటికల్లా అదీ ఆగిపోయింది.

ఆ తర్వాత సాయంత్రం దాకా నీటిమీద కదలిక లేదు. ఇలాంటప్పుడు చెయ్యదగిన పని ఒక్కటే, రాళ్లు తిరగెయ్యడం. మోకాలి లోతులో ఓ రాయి తీసి వెనక్కి తిప్పితే అడుగున ఊరంత కాపురం ఉంటుంది. సౌబగ్‌లనే బూడిదరంగు చదును పురుగులు పాకుతుంటాయి. నాచు దులిపితే స్కడ్‌లు, అంటే మంచినీటి రొయ్యపిల్లల్లాంటివి, గెంతుతూ రాలతాయి. డ్యామ్ కింద నాచు బాగా పెరిగే నదుల్లో చేపకు ఏడాది పొడుగునా కడుపు నింపేవి ఇవే. రాయికి ఎగువ అంచున, నీటి ఒరిపిడి ఎక్కువగా ఉన్నచోట, నేను వెతుకుతున్నవి కనిపించాయి. బీటిస్ నింఫ్‌లు, అంటే బీటిస్ అనే మేఫ్లైకి ఇంకా రెక్కలు రాని పిల్లలు. సన్నగా, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులో, మూడు తోకలతో, వేలు పెడితే చివుక్కున ఈదిపోయేవి.

"వీటికోసమా మనం వచ్చింది?" అన్నాడు మావాడు.

వాటి వీపు చూడమన్నాను. రెక్కలు పెరిగే చోట ఉండే చిన్న సంచులు నల్లగా మారి ఉన్నాయి. అలా నల్లబడ్డాయంటే పురుగు ఇక పైకి రావడానికి సిద్ధంగా ఉన్నట్టే. రేపో మాపో. ఎండ కాస్తున్నంతసేపు కొన్నికొన్నిగా, విడివిడిగా వచ్చి క్షణంలో ఎగిరిపోతాయి. వాటి కోసం చేప లోతు వదిలి రాదు. మబ్బు పట్టి, గాలిలో తేమ ఉంటే రెక్కలు ఆరడం ఆలస్యమవుతుంది. ఎగరలేక నీటిమీదే తేలుతూ పోతాయి. వెలుతురు తక్కువైతే చేపకు కూడా ధైర్యం. దానికి కనురెప్పలు లేవు, పైనుంచి వచ్చే గద్ద భయం మాత్రం ఉంది. మావాడు ఆ మధ్యాహ్నమే బట్టతల గద్దను ఒకదాన్ని ఫొటో తీశాడు. అదీ నదినే చూస్తోంది.

చేప కావాలంటే నింఫ్‌ను పోలిన ఫ్లై కట్టాల్సిందే. బెండులాంటి ఇండికేటర్ కింద ఆరడుగుల దారం, చివర సౌబగ్ నకలు, దాని కింద పదహారో నంబరు కొక్కేనికి కట్టిన ఫెజెంట్ టెయిల్ (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది). ఇంగ్లండులో ఏవన్ నది కాపలాదారు ఫ్రాంక్ సాయర్ కట్టిన ఈ నింఫ్ బీటిస్‌కు నకలు అనుకోవచ్చు. రాగితీగ, నెమలికోడి తోకలోని నాలుగు ఈకపోగులు, అంతే. కొన్ని రెయిన్‌బో ట్రౌట్లు పడ్డాయి, పెద్దవే. బాగానే ఉంది. కానీ ఇండికేటర్ మునగడం చూస్తూ కూర్చోవడం నాకు ఎందుకో గుమాస్తా పనిలా అనిపిస్తుంది. చేప నోరు తెరవడం కళ్లారా చూడాలి, అందుకే కదా ఇంత దూరం.

మంగళవారం

పడవ రోజు. నడిపేవాడు ఇక్కడ చాలా ఏళ్లుగా తెడ్డు వేస్తున్న పెద్దమనిషి. మాటలు తక్కువ. గాలి కొండల మీదినుంచి మొదలైంది. డ్రిఫ్ట్ బోటు ముక్కు తిప్పడానికే ఆయన భుజాలు సరిపోయాయి. పైగా నాచు. వేసవంతా పెరిగిన నీటిమొక్కలు ఈ కాలంలో చచ్చి, తెగి, కట్టలు కట్టలుగా కొట్టుకొస్తాయి. ప్రతి రెండో విసురుకు కొక్కేనికి పచ్చటి తోక. తీసెయ్, మళ్లీ విసురు. శరత్కాలపు మిస్సోరి గురించి చెప్పేవాళ్లు ఈ నాచు సంగతి ఎందుకో దాటేస్తారు.

డియర్‌బోర్న్ నది కలిసే చోటు దాటి కిందికి పోయాం. లోయ ఇరుకై, చివరికి టవర్ రాక్ అనే రాతి శిఖరం దగ్గర విప్పుకుంటుంది. పసిఫిక్ దాకా దారి వెతుకుతూ సాగిన లూయిస్, క్లార్క్ యాత్రలో, 1805 జులై 16న మెరివెదర్ లూయిస్ దీన్ని ఎక్కాడు. అంతకు నెల ముందు, జూన్ 13న, గ్రేట్ ఫాల్స్ దగ్గర వాళ్ల బృందంలోని సైలస్ గుడ్రిచ్ కొన్ని ట్రౌట్లు పట్టాడు. దవడ కింద ఎర్రగీత ఉన్న ఆ చేపే కట్‌త్రోట్. శాస్త్రీయ నామంలో యాత్ర నాయకులిద్దరికీ చోటు దక్కింది, ఆంకోరింకస్ క్లార్కీ లూయిసీ. పట్టినవాడికి మాత్రం దక్కలేదు. తమాషా ఏమిటంటే ఆ స్థానిక చేప ఇప్పుడు ఈ భాగంలో దాదాపు కనిపించదు. మేం పట్టేవన్నీ వలసవచ్చినవే. రెయిన్‌బోలది పసిఫిక్ తీరం, బ్రౌన్‌లది ఐరోపా. బ్రౌన్ ట్రౌట్ మోంటానాలో మొదట అడుగుపెట్టింది 1889లో, మాడిసన్ నదిలో.

అయితే వలసవచ్చినవే అయినా ఇప్పుడు ఇవి నదిలోనే పుట్టి పెరిగేవి. హేచరీ చేపల్ని తెచ్చి పోస్తే నదిలో ఉన్న చేపలు తగ్గిపోతున్నాయని మాడిసన్ నదిలో జీవశాస్త్రవేత్త డిక్ విన్సెంట్ లెక్కలు తీసి చూపించాక, 1974 నుంచి మోంటానా రాష్ట్రం సొంతంగా పిల్లల్ని పెట్టే నదుల్లో చేపపిల్లల్ని వదలడం మానేసింది. అప్పట్లో ఎంత తిట్టారో! చేపలు పొయ్యకపోతే చేపలెలా ఉంటాయని. ఇప్పుడు ఆ నిర్ణయాన్నే చూపించి రాష్ట్రం పర్యాటకుల్ని పిలుస్తోంది.

స్ట్రీమర్లు విసిరాం. చిన్నచేపను పోలిన పెద్ద ఈకల మూటలు ఇవి. గుడ్లు పెట్టే కాలం ముందు మగ బ్రౌన్‌కు కోపం ఎక్కువ, తన చోటికి వచ్చినదాన్ని కరుస్తుంది. ఒకటి వచ్చి, తోక కొరికి, పోయింది. అంతే ఆ రోజు లెక్క.

సాయంత్రం గాలి తగ్గాక రాతిగోడ నీడలో అక్టోబర్ కాడిస్ అనే పురుగు కనిపించింది. అంగుళం పొడుగు, నారింజరంగు ఒళ్లు, గుడారంలా మడిచిన రెక్కలు. దీని పిల్ల చిన్నచిన్న రాళ్లు అంటించుకుని గొట్టం కట్టుకుని బతుకుతుంది. పెద్దదయ్యాక ఒడ్డు రాళ్ల మీదికి పాకి వచ్చి రెక్కలు విప్పుకుంటుంది. ఈ నదిలో మరీ మందలుగా ఏమీ ఉండవు. కానీ ఆడపురుగు గుడ్లు జారవిడవడానికి నీటిని కొడుతూ ఎగిరితే, దాన్ని చూసిన చేప ఊరుకోదు. మా ముందే ఓ చేప మొత్తం ఒళ్లు బయటికి తెచ్చి మింగింది. మావాడు కెమెరా ఎత్తేలోపు అయిపోయింది.

"రేపు పొద్దున్నే ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగితే పడవాయన నవ్వాడు. "బాగా నిద్రపోండి. పన్నెండు దాటాక దిగినా చాలు. మీకు రేపు పడవ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. స్టిక్నీ క్రీక్ దగ్గర గడ్డి ఒడ్డున కూర్చోండి." డబ్బులొచ్చే రోజును అంత తేలిగ్గా వదిలేసుకున్న మనిషి మాటను నమ్మకపోతే ఎలా?

బుధవారం

తెల్లవారేసరికి ముసురు పట్టింది. కొండలు సగం నుంచి పైకి లేవు. సన్నటి తుంపర, పడుతోందో లేదో తెలియనట్టు. గాలి చుక్క లేదు. గాలి ఉష్ణోగ్రత ఎనిమిది డిగ్రీలు. హైవే పక్కన పెట్రోలు పోసుకుంటున్న ఓ ముసలావిడ మా వేడర్లు (నదిలో దిగడానికి వేసుకునే, తడి దూరని పొడుగు తొడుగులు) చూసి "మంచి రోజు" అంది. ఈ ప్రాంతంలో ఆ మాటకు అర్థం అందరికీ ఒకటే.

పన్నెండింటికి ఒడ్డుకు చేరాం. మోంటానాలో ఇదో సుఖం. 1984లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పులు, 1985లో చట్టం వచ్చాక, వంతెన దగ్గరో ప్రభుత్వ రేవు దగ్గరో నదిలోకి దిగితే చాలు, మామూలు వరద గుర్తుకు లోపల ఎవరి పొలం పక్కన నడిచినా అడిగేవాడు లేడు. మేం రేవు నుంచి ఎగువకు నడిచి, నది వెడల్పై నెమ్మదించే చోట ఆగాం. నురగ గీత ఒకటి ఒడ్డుకు పదిహేను అడుగుల్లో సన్నగా సాగుతోంది. ప్రవాహం తెచ్చేదంతా ఆ గీతలోకే చేరుతుంది. చేప ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడుతుంది.

పన్నెండున్నర. ఏమీ లేదు. ఒంటిగంట. ఏమీ లేదు. ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది. మావాడు గొడుగు కింద లెన్సు తుడుచుకుంటున్నాడు.

ఒంటిగంట ఇరవైకి నురగ మీద బియ్యపుగింజంత పురుగు ఒకటి రెక్కలు నిలబెట్టుకుని పోయింది. బూడిదరంగు రెక్కలు, ఆలివ్ పచ్చ ఒళ్లు. ఫ్లై మనుషుల భాషలో బ్లూ వింగ్డ్ ఆలివ్, ముద్దుగా బీడబ్ల్యూవో. బీటిస్‌కు ఏడాదిలో వసంతంలో ఒక తరం, శరత్తులో ఇంకో తరం. ఈ శరత్తు తరం కాస్త చిన్నది. నిన్నమొన్నటి దాకా రాయికింద ఉన్నది ఇదే. ఐదు నిమిషాలకు ఇంకోటి. తర్వాత మూడు. తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

నీళ్లలోకి దిగకుండా కూర్చునే చూశాను. మొదట్లో నీటిపైన వీపులు మాత్రమే కనిపించాయి. తల రాదు, వీపురెక్క, తోక కొస, ఓ మెత్తటి ఉబ్బు, అంతే. ఆ చేప తేలుతున్న పురుగును తినడంలేదు. నింఫ్ పైకి ఈదివచ్చి నీటిపొర కింద ఆగి, వీపు చీల్చుకుని బయటికి వచ్చే ఆ కొన్ని క్షణాల్లో దాన్ని పట్టుకుంటోంది. నీటిపొర మనకు లెక్కలోకి రాదు గానీ ఐదు మిల్లీమీటర్ల జీవికి అది గోడ. దాన్ని చీల్చుకు రావడంలో చాలా పురుగులు ఇబ్బంది పడతాయి. కొన్నిటికి పాతచర్మం తోకకు అంటుకుపోతుంది, కొన్నిటి రెక్క ముడుచుకుని తడిసిపోతుంది. ఎగరగల పురుగు కన్నా ఎగరలేనిదే చేపకు ఇష్టం. వెంటపడక్కర్లేదు కదా.

రెండింటికి తలలు మొదలయ్యాయి. ముక్కు బయటపెట్టి, పైపెదవితో పురుగును మూసి, దిగిపోవడం. వెనక ఓ గాలిబుడగ మిగులుతుంది. బుడగ ఉందంటే చేప గాలిని కూడా మింగింది, అంటే పైన తేలేదాన్ని తింది. బుడగ లేకపోతే కిందది. ఈ ఒక్క గుర్తు ఫ్లైపెట్టెలో ఏ వరస తెరవాలో చెప్పేస్తుంది. నా మట్టుకు పురుగు పేరు తెలియడం కన్నా ఇది తెలియడం ముఖ్యం.

నురగగీతకు అవతల అంచున ఒక చేప వరసగా లేస్తోంది. నాలుగు సెకన్లకోసారి, గడియారం పెట్టినట్టు. దానికి ఎగువకు, పక్కగా, నడుములోతులో నిలబడ్డాను. లావుపాటి దారం చివర పన్నెండడుగుల సన్నదారం, దాన్ని లీడరంటారు, దాని కొసన ఫ్లై కట్టే ఆరో ఎక్స్ టిప్పెట్. ఎక్స్ సంఖ్యను పదకొండులోంచి తీసేస్తే అంగుళంలో వెయ్యోవంతుల్లో దారం మందం వస్తుంది. ఆరో ఎక్స్ అంటే ఐదు, అంటే 0.13 మిల్లీమీటర్లు. తలవెంట్రుకకు అన్నలాంటిది. కట్టింది ఇరవయ్యో నంబరు పారాషూట్ ఆడమ్స్ అనే ఫ్లై. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఆడమ్స్‌కు ఇది తర్వాతి రూపం. ఏ పురుగుకూ సరిగ్గా నకలు కాదు, అన్నిటికీ కాస్త కాస్త పోలిక.

దిగువకు విసరాలి. దారం గాలిలో ఉండగానే రాడ్‌ను ఎగువవైపు వాల్చితే దారం వంకరగా పడి, చేప కంటికి ముందు ఫ్లై, తర్వాతే దారం చేరుతుంది. రీచ్ కాస్ట్ అంటారు. అందం కోసం చేసేది కాదు. మధ్యలో వేగంగా పోయే నీరు దారాన్ని లాగితే ఫ్లై కొంచెం, మన కంటికి కనిపించనంత కొంచెం, ప్రవాహంతో కాకుండా సొంతంగా కదులుతుంది. పురుగు అలా కదలదు. చేపకు అది చాలు.

ఫ్లై దాని ముక్కు మీదుగా పోయింది. పక్కనున్న నిజం పురుగును తింది. మళ్లీ పోయింది. ఈసారి పైకి వచ్చి, ఫ్లైతోపాటు ఓ అడుగు వెనక్కి జారి, దాన్ని పరీక్షించి, దిగిపోయింది. ఇలా చాలాసేపు. బుడగలు జాగ్రత్తగా చూశాను. కొన్నిసార్లు ఉంది, కొన్నిసార్లు లేదు. అంటే అది తేలే వాటిని, చిక్కుకుపోయిన వాటిని కలిపి తింటోంది. ఆడమ్స్ తీసేసి క్రిపుల్ కట్టాను. దీని వెనకసగం నీళ్లలో వేలాడుతుంది, ముందుసగం తేలుతుంది, పాతచర్మం విడిపించుకోలేని పురుగు వాలకం. కాలిఫోర్నియాకు చెందిన బాబ్ క్విగ్లీ మొదలుపెట్టిన పద్ధతి.

రెండో విసురుకు అది మామూలుగా, ఇందాకటి నుంచి చేస్తున్న పనే చేస్తున్నట్టు, మూతి తెరిచి మూసింది. ఒక్క క్షణం ఆగి రాడ్ ఎత్తాను.

తర్వాత జరిగింది పెద్దగా వర్ణించక్కర్లేదు. రెయిన్‌బో కాబట్టి గాల్లోకి లేచింది, నాచులోకి దూరింది, దారం మీద రెండు కిలోల నాచు మోసుకుంటూ వచ్చింది. పద్దెనిమిది అంగుళాలు. చేతులు తడుపుకుని, రబ్బరు వలలో నీళ్లలోనే ఉంచి, ముల్లు నొక్కేసిన కొక్కెం తిప్పి తీసేస్తే జారిపోయింది.

"వదిలేశావేంటి బావా?" అన్నాడు వెనకనుంచి. ఫొటో తీశాడా అంటే తీశాను గానీ పురుగుది అన్నాడు. చూపించాడు. వాడి జాకెట్ చేతిమీద వాలిన డన్, అంటే అప్పుడే రెక్కలొచ్చిన మేఫ్లై, రెక్కల నరాలు లెక్కపెట్టేంత స్పష్టంగా. ఆ క్షణం నుంచి వాడు పిట్టల సంగతి మర్చిపోయాడు. అక్కడే కూర్చోబెట్టి మిగతా కథ చెప్పాను. ఈ బూడిదరంగు రూపం చివరిది కాదు. ఇది ఎగిరి చెట్టెక్కి, ఒకటి రెండు రోజుల్లో మరోసారి చర్మం విడిచి, గాజురెక్కల స్పిన్నర్ అవుతుంది. రెక్కలొచ్చాక కూడా చర్మం విడిచే పురుగులు ఈ లోకంలో మేఫ్లైలు తప్ప ఇంకేవీ లేవు. రెక్కలొచ్చిన తర్వాత వీటికి పనిచేసే నోరే ఉండదు, తిండి ఊసే లేదు.

హ్యాచ్, అంటే ఈ పురుగులు లేవడం, నాలుగింటిదాకా నడిచింది. నదిమీద కనుచూపుమేరా ముక్కులు. ఒక చేపను ఎంచుకుని మిగతావి లేవనుకోవడమే కష్టం. మందలోకి గుడ్డిగా విసిరితే ఒక్కటీ దొరకదు, అన్నీ బెదురుతాయి. నాలుగున్నరకు పైన ఏమీ లేదు. నీళ్లలోంచి బయటికి వస్తుంటే వేడర్ల మీద, నీటి మట్టానికి కింద, సన్నటి పురుగులు అంటుకుని ఉన్నాయి. ఆడ బీటిస్‌లు. ఇవి మిగతా మేఫ్లైల్లా పైనుంచి గుడ్లు జారవిడవవు. రాయో, కొయ్యో, మనిషి కాలో పట్టుకుని నీటి అడుగుకు నడిచివెళ్లి పెడతాయి. నా కాలును రాయి అనుకున్నాయి. కాసేపు అలాగే నిలబడ్డాను. చలికి వేళ్లు పనిచెయ్యడం మానేశాక బయటికి వచ్చాను.

గురువారం

మబ్బు ఉంది, కానీ చలి పెరిగింది. కొండల మీద మంచు. నీరు రెండు డిగ్రీలు చల్లబడింది. పురుగు ఆలస్యంగా, రెండున్నరకు లేచింది, గంట కూడా నిలవలేదు. నిన్నటి చోటే, నిన్నటి ఫ్లైయే, సగం చేపలు.

పొద్దుటిపూట అంతకన్నా మంచి సంగతి చూశాం. ఓ పక్కపాయలో, మోకాలి లోతులో, గులకరాళ్ల మీద లేతరంగు మచ్చలు. చుట్టూ రాళ్లు నాచుపట్టి నల్లగా ఉంటే అక్కడ మాత్రం కడిగినట్టు శుభ్రంగా. ఆడ బ్రౌన్ ఒళ్లు పక్కకు వాల్చి తోకతో కొట్టి తవ్విన గూడు అది, రెడ్ అంటారు. గుడ్లు పెట్టాక ఎగువ రాళ్లు తవ్వి దానిమీదికి తోస్తుంది. అవి చలికాలమంతా రాళ్ల సందుల్లో ఊపిరి పీల్చుకుంటూ వసంతానికి పిల్లలవుతాయి. ఓ బూటు పడితే నలిగిపోయేవి ఎన్నో. రెండు చేపలు దాని మీదే ఉన్నాయి, మగదానికి కింది దవడ కొక్కెంలా వంగి ఉంది. అంత పెద్ద చేప, అంత లోతు తక్కువ నీళ్లలో, కళ్లెదురుగా. గాలం వేస్తే కరుస్తుంది కూడా. ఎగువన ఒకాయన వేస్తూనే ఉన్నాడు. చట్టంలో తప్పుకాకపోవచ్చు. నాకు మాత్రం అది పురిటిగదిలో చొరబడినట్టే. పైగా ఈ నదిలో చేపలు పోసేవాళ్లు లేరు. ఇవి పెట్టిందే రేపటి పంట. ఒడ్డెక్కి చుట్టూ తిరిగి వెళ్లాం.

శుక్రవారం

రాత్రి మైనస్ ఐదు. పొద్దున రాడ్ కొంకీల్లో దారం తడి గడ్డకట్టి జారనంటే, నోటితో ఊది ఊది విడిపించాను. ఎండ మళ్లీ వచ్చింది. బీటిస్ రాలేదు.

మధ్యాహ్నం మిడ్జ్‌లు వచ్చాయి, దోమల్లాంటి బుల్లి పురుగులు. ఇవి ఏ కాలమైనా ఉంటాయి, జనవరిలో కూడా. ఆడామగా ముద్దకట్టుకుని నీటిమీద దొర్లుతాయి. ఒక్కో పురుగుకు నకలు కట్టడం కన్నా ఆ ముద్దకు నకలుగా గ్రిఫిత్స్ నాట్ అనే ఫ్లై వేస్తే సులువు. 1959లో ట్రౌట్ నదుల్ని కాపాడే ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ పుట్టుకలో ముందు నిలిచిన జార్జ్ గ్రిఫిత్ పేరు దానికి. వంతెన నీడలో లేస్తున్న ఓ చేప దాన్ని తీసుకుంది. చిన్నదే.

వచ్చే ఏడు ఎవరైనా వెళ్లాలనుకుంటే నా మాటగా ఇది రాసుకోండి. అక్టోబరు మొదటి మూడు వారాల్లో వెళ్లండి, తేదీ ముందే ఖాయం చెయ్యకుండా వాతావరణ సూచన చూసి మబ్బుల వెంట పొండి. పెట్టెలో పద్దెనిమిది నుంచి ఇరవైరెండు నంబర్ల దాకా బీటిస్ క్రిపుల్‌లు, కొన్ని నింఫ్‌లు, నాలుగైదు మిడ్జ్‌లు, సాయంత్రాలకు రెండు పెద్ద నారింజరంగు కాడిస్‌లు చాలు. ట్రైకోల కోసం ప్రత్యేకంగా పొద్దున్నే లేవక్కర్లేదు. చలికి చేతులు వణికినా ఐదో ఎక్స్‌తో సరిపెట్టుకోకుండా ఆరో ఎక్సే కట్టండి.

ఇక కడగడం. మోటెల్ వెనక పైపు దగ్గర మట్టి, నాచు పోయేదాకా బూట్లు రుద్దాం. 2016లో టైబర్ జలాశయంలో అన్యదేశపు ఆల్చిప్పల పిల్లల ఆనవాళ్లు దొరికినప్పటినుంచి మోంటానా ఈ విషయంలో చాలా పట్టుగా ఉంది. చేపల లైసెన్సుతోపాటు దానికోసం వేరే పాసు కూడా కొనాలి. కడిగి, నీళ్లు ఒంపేసి, ఆరబెట్టాలని రేవుల్లో బోర్డులు. మొదటి రెండూ అయ్యాయి. ఆరడం మాత్రం హెలెనా చేరేసరికి కూడా కాలేదు. మా బావమరిది తడి బూట్లు ఒళ్లో పెట్టుకుని, సెల్‌ఫోన్‌లో మేఫ్లై రెక్కల ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటూ, "మళ్లీ ముసురెప్పుడట బావా?" అని అడిగాడు.